ఆలస్యంగా కుట్టే చీమ

ముందుగా చదివేవాళ్ళను మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిసిన తర్వాత. ఒత్తులు తప్పిపోతాయి, ణ రాయాల్సిన చోట న పడుతుంది. చెయ్యి మెల్లగా నడుస్తుంది. ఒక పేజీ మొదలుపెడితే పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చాక గాని లేవను. ఈ సంగతి రాయడానికి నాకంటే చదువుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను.

నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఊర్మిళ, చిన్నది చాందిని. చాందిని పాలు మానకముందే వాళ్ళ నాన్న పోయాడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి ఇద్దరినీ పెంచాను. జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. నా వేళ్ళ మీద గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి, రేషను మిషను నన్ను గుర్తుపట్టదు. నేను పనిలో ఉన్నంతసేపూ చంటిదాన్ని పెద్దదే చూసుకునేది. చాందినికి మొదట వచ్చిన మాట అమ్మ కాదు, అప్ప. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం.

ఊర్మిళ చదువులో పడింది, చాందిని వాలీబాల్‌లో పడింది. పెద్దది ఫిజియోథెరపీ చదివి, బారువ దారిలో సముద్రం వైపు కొత్తగా కట్టిన క్రీడా పరిశోధన కేంద్రంలో ఉద్యోగానికి చేరింది. అక్కడ ఆడపిల్లల హాస్టలు ఉంది, కోర్టు ఉంది, కోర్టును ఆనుకుని గాజు గోడల లేబొరేటరీ ఉంది. ఏడాది తిరక్కుండానే చెల్లెల్ని ఆ హాస్టల్లో చేర్పించింది. తిండి, బూట్లు, కోచింగు అన్నీ వాళ్ళవే. ఒకే చోట ఇద్దరూ ఉన్నారు కదా అని నేను నిశ్చింతగా పడుకున్నాను.

ఆ లేబొరేటరీ పెద్ద పట్నాయక్ గారు. ఆయన కనిపెట్టిన వస్తువు ఒక నడుం పట్టీ. దాని సంగతి నాకు ఊర్మిళే చెప్పింది. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి, తుంటి మీద చెయ్యి వేసి కొంచెం నెట్టింది. నా తొడ లోపలికి వాలింది, మోకాలు దాని వెంటే లోపలికి వంగింది, నేను తూలి గోడ పట్టుకున్నాను.

"మోకాలికి సొంత బుద్ధి లేదమ్మా. తుంటి ఎటు పంపితే అటు పోతాది," అంది. "పైన తుంటి, కింద నేల. మధ్యలో అది నలిగిపోతాది."

ఆడపిల్లలు ఎగిరి దిగేటప్పుడు మోకాలి లోపల తాడులాంటి లిగమెంటు తెగడం మగపిల్లల కంటే ఎక్కువట. తుంటి కండరం బలంగా ఉండి, పాదం నేలకు ఆనకముందే బిగుసుకుంటే మోకాలు తిన్నగా నిలబడుతుంది. క్షణం ఆలస్యమైనా కాలు అడ్డంగా మడతపడుతుంది. పట్టీని తుంటి ఎముకల మీద బిగించుకుంటే, పిల్ల ఇంకా గాలిలో ఉండగానే కండరం సిద్ధంగా ఉందో లేదో అది కనిపెడుతుంది. లేకపోతే చురుక్కుమని పొడుస్తుంది. కండరం ఉలిక్కిపడి బిగుసుకుంటుంది. ఇదంతా పాదం ఆనే లోపే జరిగిపోతుంది. చీమ కుట్టినట్టు ఉంటుందని పిల్లలు దానికి చీమ అని పేరు పెట్టారు. మా చీమకి ఇవాళ ఆకలెక్కువ, మీ చీమ నిద్రపోయిందేటి అని ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకునేవారు.

ఒక ఆదివారం నేను చేపల పులుసు పట్టుకుని వెళ్ళాను. పిల్లలు చెక్క పెట్టెల మీంచి వరసగా దూకుతున్నారు. గాజు వెనక ఊర్మిళ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. చాందిని దూకినప్పుడల్లా గాజు వైపు తిరిగి నాలుక బయటపెట్టేది, చెవులు పట్టుకుని ఆడించేది. ఊర్మిళ తల ఎత్తలేదు. గాజు వెనక ఉన్నవాళ్ళు ముందున్నవాళ్ళతో ఆ లెక్కల గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదని అక్కడ నియమం.

"లోపలున్నది మా అప్ప కాదు, ఆఫీసరు," అని చాందిని నాతో చెప్పి పులుసు గిన్నె లాక్కుంది.

అన్నీ కలిపి చెప్పాలంటే ఆ రెండేళ్ళు మాకు మంచి రోజులు. చాందిని జిల్లా జట్టులో ఆడింది, తర్వాత రాష్ట్రం జట్టులో. రైల్వే జట్టుకు పిల్లల్ని తీసుకుంటారని, అందులో చేరితే జీతం, క్వార్టరు రెండూ వస్తాయని కోచ్ చెప్పాడు. దానికి ఉద్యోగం కంటే ఆటే ఇష్టం. క్వార్టరు మాట నాకు ఇష్టం.

సెలవులకు ఇద్దరూ ఇంటికొచ్చిన ఒక మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. చాందిని నా పాత చీర అంచు చించి రెండు తొడలకూ కలిపి కట్టుకుని, చాప మీద పక్కకు తిరిగి పడుకుని, పైకాలు మెల్లగా ఎత్తుతోంది, దించుతోంది. తుంటి గట్టిపడటానికి పాత బడిలో డ్రిల్లు మాస్టారు నేర్పిన పని అది. ఈ మధ్య ఎగిరి దిగితే కాలు జారిపోతున్నట్టు ఉంటోందని, మళ్ళీ మొదలుపెట్టానని నాతో చెప్పింది. ఊర్మిళ అన్నం తింటూ చూస్తోంది.

"ఇది రోజూ సెయ్యనా అప్పా?" అని అడిగింది చాందిని.

ఊర్మిళ ముద్ద కలుపుతూ, "నీకక్కర్లేదు. చీమ ఉంది కదా," అంది.

చాందిని గుడ్డ విప్పేసి వెళ్ళి అక్క కంచంలోంచి అప్పడం ముక్క తీసుకుంది. అంతే జరిగింది. ఎవరైనా చూస్తే అందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

రైల్వేవాళ్ళు చూడటానికి వచ్చిన ఆట విజయనగరంలో జరిగింది. నేను ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వెళ్ళాను. చాందిని వల దగ్గర ఎగిరి బంతిని కొట్టింది. బంతి అవతల నేలకు తగిలింది, జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే అది ఒంటికాలి మీద దిగింది, మోకాలు లోపలికి మడతపడింది. పచ్చి వెదురు విరిచినట్టు చప్పుడు వచ్చిందని దగ్గరున్న పిల్లలు చెప్పారు. నాకు వినబడలేదు. నాకు అది కింద పడటమే కనబడింది.

అందరికంటే ముందు పరుగెత్తింది ఊర్మిళే. నేను మెట్లు దిగి వెళ్ళేసరికి చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాందిని మొహం చెమటతో తడిసిపోయింది. అంత నొప్పిలో అది అక్క చెయ్యి పట్టుకుని అడిగిన మాట ఇది:

"చీమ కుట్టిందప్పా. కుట్టినా ఆపుకోలేకపోనాను. నీ మిషనుకి సెడ్డపేరొచ్చీస్తాదేటి?"

ఊర్మిళ ఏడ్చింది. చెల్లెలి మీద ప్రేమకు ఏడుస్తోందనుకుని నేను దాన్ని కూడా ఓదార్చాను.

లిగమెంటు పూర్తిగా తెగింది. విశాఖపట్నంలో ఆపరేషను చేశారు. ఖర్చంతా పరిశోధన కేంద్రమే పెట్టుకుంది. పట్నాయక్ గారు ఆస్పత్రికి పళ్ళు పంపించారు. రైల్వేవాళ్ళు వేరే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు. చాందినిని పలాస తీసుకొచ్చేశాను. మంచం మీద ఉన్న నెలల్లో దానికి ఏమీ తోచక నాకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. పలక మీద నేను రాసింది చూసి, జీడి పిక్కలు కూడా ఇంతకంటే గుండ్రంగా ఉంటాయని వెక్కిరించేది. పగలు నవ్వుతూనే ఉండేది. ఎండిన చెట్టుకొమ్మలా సన్నబడిన ఆ కాలిని మాత్రం దుప్పటితో కప్పుకునేది. దాని ముందు ఎవరైనా టీవీలో ఆట పెడితే లేచి గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది.

అదే సమయంలో పట్టీకి గుర్తింపు వచ్చింది. పట్టీ కట్టుకున్న పిల్లల్లో మోకాళ్ళు చెడినవాళ్ళు చాలా తక్కువని తేలిందట. దేశమంతా బడులకు పంపిస్తారన్నారు. ఊర్మిళకు ఉద్యోగం ఖాయమైంది, పైమెట్టు కూడా ఎక్కించారు. దానికి మంచి జరిగిందని చుట్టుపక్కల ఇళ్ళకు నేను స్వీటు పంచాను.

చాందిని కర్ర లేకుండా నడవడం మొదలుపెట్టిన వారం ఊర్మిళ వచ్చింది. చేతిలో కొత్త పట్టీ ఉంది. నీలం రంగుది, మెత్తగా ఉంది. బడులకు వెళ్ళే పట్టీల్లో మొట్టమొదటిది నా చెల్లికే అని గర్వంగా చెప్పింది. తనే కూర్చుని చెల్లెలి తుంటికి బిగించింది. గుమ్మం మెట్టు దిగి చూడమంది. జానెడు ఎత్తు మెట్టు అది.

చాందిని ఆపరేషను అయిన కాలు ముందు వేసి దిగింది. దిగి అలాగే నిలబడిపోయింది. నొప్పి పుట్టిందేమోనని నేను లేచాను. అది మళ్ళీ మెట్టెక్కింది, మళ్ళీ దిగింది.

"అప్పా, ఇది కాలు ఆనకముందే కుడతంది," అంది.

"అదే కదే దీని పని," అని ఊర్మిళ నవ్వింది.

"నాది ఎప్పుడూ ఆనీసాకే కుట్టీది."

ఊర్మిళ నవ్వు పెదాల మీద అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం నా వైపు వచ్చి కిందికి వాలిపోయాయి. ఆ కేంద్రంలో ఎప్పుడూ ఇలాంటిది జరిగి ఉండదు. ఏ పిల్లకు ఇచ్చిన పట్టీ ఆ పిల్లకే. ఇంకోలా ఉండే పట్టీ ఒకటుందని తెలిసే వీలే వాళ్ళకు లేదు. ఒకే ఒంటి మీద రెండు రకాలూ కట్టింది ఊర్మిళ ఒక్కతే. ప్రేమతోనే కట్టింది.

తర్వాత అది చెప్పింది నేను ఇక్కడ కుదించి రాస్తున్నాను, అది చెప్పినప్పుడు మాత్రం చాలాసేపు పట్టింది. పట్టీలు రెండు రకాలట. సగం పిల్లలకు అసలువి. మిగతా సగానికి ఉత్తవి. ఉత్త పట్టీ చూస్తుంది, లెక్క రాసుకుంటుంది, కానీ ఆపదు. కట్టుకున్న పిల్లకు అనుమానం రాకుండా కాలు ఆనిన తర్వాత ఊరికే ఒకసారి కుడుతుంది. రెండు గుంపుల్లో ఎందరి మోకాళ్ళు నిలిచాయో, ఎందరివి పోయాయో పోల్చి చూస్తేనే పట్టీ పనిచేస్తుందని లోకం నమ్ముతుందట. రెండు రకాలున్నాయని పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఏ పిల్లకు ఏదో పట్నాయక్ గారికి, తెర చూసే ఊర్మిళకు తెలుసు.

చాందిని మెట్టు మీద కూర్చుంది. నేనే అడిగాను.

"దీనిది ఉత్తదని నీకెప్పుడు తెలుసు?"

"మొదట్నుంచీ తెలుసమ్మా."

"కాలు పోతాదని?"

"ఆఖరి నెలల్లో తెర మీద ఎర్రగా వచ్చేది. పట్టీ మార్చమని సార్‌ని అడిగాను. ఒక్కటి మారిస్తే మొత్తం రెండేళ్ళ పని పాడైపోతాదన్నారు. దీనికి అసలుది ఇస్తే ఇంకో పిల్లకి ఉత్తది పెట్టాలి కదా. ఆ పిల్లకీ అమ్మ ఉంటాది కదా."

ఆ మాటలో నిజం ఉంది. కానీ నేను అడిగింది ఇంకొకటి.

"మరి సీర గుడ్డ కట్టుకుని అది కాలెత్తుకుంటంటే నీకక్కర్లేదన్నావు కదే. అది పట్టీ సెప్పిందా, మీ సారు సెప్పాడా?"

ఊర్మిళ దానికీ కారణం చెప్పింది. ఒక్క పిల్ల విడిగా తుంటి గట్టి చేసుకుంటే పోలిక చెడిపోతుందంది. కాలు పోతుందని తేలిపోయిన మాట కాదని, పోవచ్చు అని మాత్రమే అనుకున్నానంది. పోకూడదని రోజూ దణ్ణం పెట్టుకున్నానంది. నేను వింటూ దాని చేతుల వైపు చూశాను. చిన్నప్పుడు చాందినికి అన్నం తినిపించిన చేతులు అవి. చెల్లెలు ఉప్పు చేప ముల్లు మింగేస్తుందేమోనని ఒక్కొక్క ముల్లూ తనే ఏరేది. అంత జాగ్రత్త ఉన్నదే ఈ పని చేసింది. జాగ్రత్త లేనిది చేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

చాందిని పట్టీ విప్పి మడతపెట్టి అక్క ఒళ్ళో పెట్టింది. "బస్సు టైమయిపోతాది, ఎల్లప్పా," అంది.

కొన్నాళ్ళకు పట్నాయక్ గారే మా ఇంటికి వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నా చేతి టీ తాగి, చాలా మర్యాదగా మాట్లాడారు. క్షమించమన్నారు. ఉత్త పట్టీ పిల్లల మోకాళ్ళ వల్ల వేలమంది మోకాళ్ళు నిలబడతాయన్నారు. పట్టీని బడులకు పంపే ముందు పెద్ద సభ పెడుతున్నారట. అందులో చాందిని పట్టీ కట్టుకుని పెట్టె మీంచి దూకాలి. తెగిన మోకాలు కూడా పట్టీతో నిలబడుతుందని అందరూ చూడాలి. రైల్వే జట్టు కోచ్ కూడా వస్తున్నాడని, కళ్ళారా చూస్తే మళ్ళీ తీసుకుంటాడని చెప్పారు.

"మీరు ఇద్దరు బిడ్డల్నీ సైన్సుకే ఇచ్చారమ్మా," అన్నారు లేస్తూ.

"నేను ఇవ్వలేదు బాబూ. అడగనేదు కదా మీరు," అన్నాను.

చాందిని ఒప్పుకుంది. నేను ఆశ్చర్యపోయాను. ఆయన కారు వెళ్ళాక, వాళ్ళ మొహం ఎలా చూడగలుగుతావని కోప్పడ్డాను.

"నాకు ఆడాలనుందమ్మా," అంది. "మొహం ఎవరిదైతే నాకేటి. ఒక్కసారి ఎగిరి దిగీసి చూపిస్తే మళ్ళీ కోర్టులో ఉంటాను. ఇంకెలగ ఉంటాను, చెప్పు."

సభ ఆ కేంద్రం కోర్టులోనే జరిగింది. కొత్తగా చేరిన పిల్లలు, మా చాందిని కంటే చిన్నవాళ్ళు, నీలం పట్టీలు కట్టుకుని నేల మీద వరసగా కూర్చున్నారు. కుర్చీల్లో పెద్దమనుషులు, వాళ్ళలో రైల్వే కోచ్. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. పెద్ద తెర మీద చాందిని బొమ్మ గీతలు గీతలుగా కనబడుతోంది. తెర పక్కన, ఈసారి గాజు లేకుండా, ఊర్మిళ కంప్యూటరు ముందు కూర్చుంది. అది చిక్కిపోయింది. నా వైపు చూసింది కానీ నేను చూడలేదు.

పట్నాయక్ గారు మైకులో చెప్పాల్సింది చెప్పారు. చాందిని మెట్ల మీదుగా పెట్టె ఎక్కింది. నడుం ఎత్తు పెట్టె అది. అంచుకు వచ్చింది. మోకాళ్ళు కొంచెం వంచింది, చేతులు వెనక్కి తీసుకుంది. ఆ చేతులు అలాగే వెనక ఉండిపోయాయి. తర్వాత మెల్లగా కిందికి వచ్చేశాయి.

అది కంప్యూటరు వైపు తిరిగింది.

"అప్పా, ఇది అసలుదా, ఉత్తదా?"

గట్టిగా అడగలేదు. కోర్టు నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అందరికీ వినబడింది. ఊర్మిళ లేచి నిలబడింది.

"అసలుదే చాందినీ. నా మీద ఒట్టు."

ఊర్మిళ నిజమే చెబుతోంది. కన్నదాన్ని, నాకు తెలుస్తుంది. మొహం నిదానంగా ఉంది, గొంతు తిన్నగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. అయితే ఆ మధ్యాహ్నం అన్నం కలుపుతూ నీకక్కర్లేదు అన్నప్పుడు కూడా దాని మొహం ఇలాగే ఉంది. గొంతు ఇలాగే ఉంది. రెండింటికీ తేడా నేను ఎంత వెతికినా కనబడలేదు.

చాందిని అక్క మొహంలోకి చాలాసేపు చూసింది. అది కూడా అదే వెతుకుతోందని నాకు అర్థమైంది. రైల్వే కోచ్ కుర్చీలో ముందుకు వంగి ఉన్నాడు. ఒక్క దూకు దూకితే చాలు. కింద నేల ఉంది, పట్టీ మంచిది, తుంటి కూడా అది ఇంట్లో కష్టపడి గట్టి చేసుకుంది.

చాందిని పెట్టె అంచు మీద కూర్చుంది. రెండు చేతులూ చెక్క మీద ఆనించి, మంచి కాలు ముందు దించి, రెండో కాలు దాని పక్కకు తెచ్చుకుని, నేల మీదికి మెల్లగా జారింది. తెర మీది బొమ్మ కూడా అలాగే జారింది.

కింద కూర్చున్న పిల్లల్లో ఒకతి తన తుంటి మీది పట్టీ తడుముకుంది. పక్కపిల్ల దాన్ని చూసి తనది తడుముకుంది. అలా వరస చివరి దాకా వెళ్ళింది. అమ్మాయి భయపడింది, సహజమే అని పట్నాయక్ గారు మైకులో అన్నారు. చాందిని భయపడలేదు. నేను దాని మొహం చూశాను. దానికి దూకాలనే ఉంది.

పట్టీలు బడులకు వెళ్ళాయి. మంచివేనని, చాలామంది పిల్లల కాళ్ళు కాపాడుతున్నాయని అంటారు. కాదని నేను అనను. రైల్వే నుంచి కబురు రాలేదు. చాందిని టెక్కలిలో ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. తను బంతి విసురుతుంది, పిల్లలు ఎగురుతారు. నేను ఫ్యాక్టరీ మానేసి దాని దగ్గరే ఉంటున్నాను.

ఊర్మిళ అప్పుడప్పుడు వస్తుంది. రావొద్దని ఇద్దరమూ అనలేదు. చాందిని దానికి పీట వేస్తుంది, బడి సంగతులు చెబుతుంది, ఒక్కోసారి ఇద్దరూ నవ్వుకుంటారు కూడా. మొన్న వచ్చినప్పుడు నేను బచ్చలికూర పొయ్యి మీద పెట్టి నీళ్ళకు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఊర్మిళ గరిటె కడిగి పెడుతోంది. ఉప్పు చూశానమ్మా, సరిపోయింది అంది. సరేనన్నాను. అది కంచాలు తేవడానికి అటు తిరగగానే గరిటెతో కొంచెం కూర తీసి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు సరిపోయింది.

బమ్మిడి దమయంతి
వయసు యాభై ఎనిమిది
ఇప్పుడు ఉండేది టెక్కలిలో, చిన్నమ్మాయి దగ్గర